సగం సాక్ష్యం

ఎలీషమ్మ పన్నెండేళ్లు మందుల కంపెనీలో పనిచేసింది గాని ఒక్కనాడు కూడా మందును కళ్లజూడలేదు. ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోవాలి. జరిగినదానికంతటికీ మొదలు ఇక్కడే ఉంది.

షామీర్‌పేట చెరువు దాటి, పెద్దరోడ్డు వదిలి లోపలికి మళ్లితే ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. ఆ నేలమీద ఇప్పుడు పొడుగాటి తెల్లకట్టడాలు, కాపలా గేట్లు, ఎవరూ నడవని శుభ్రమైన రోడ్లు. దేశదేశాలకు సూదిమందు పోయేది అక్కడినుంచే. వాటిలో ఒకదానిలో ఎలీషమ్మది బట్టల గది. లోపల పనిచేసేవాళ్లు వేసుకునే తెల్లగౌన్లు, టోపీలు, చెప్పులమీద తొడిగే గుడ్డసంచులు ఒక గోడలోని చిన్న కిటికీ గుండా మూటలుగా వచ్చేవి. వాటిని మిషన్లో వేసి, ఆరబెట్టి, మడతపెట్టి ఎదుటి గోడలోని కిటికీలో పెట్టాలి. అవతలినుంచి తొడుగులేసుకున్న చేతులు వచ్చి తీసుకుపోయేవి. పన్నెండేళ్లలో ఆ చేతుల వెనక ఉన్న ముఖాలను ఆమె ఎన్నడూ చూడలేదు.

అయితే ఆమె ఉండే గౌడవెల్లిలో గాని, ఆదివారం పోయే చర్చి సంఘంలో గాని ఈ వివరం ఎవరికీ అక్కర్లేదు. "ఎలీషమ్మ మందుల కంపెనీల జేస్తది" అన్నది ఒక్కటే వాళ్లకు తెలుసు. కడుపునొప్పి వస్తే ఏ గోలీ వేసుకోవాలని అడిగేవారు. డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చి, "జరంత సూడక్కా, మంచిదేనా?" అనేవారు. ఆమె చీటీని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, "మంచిదే, తిన్నంక ఏస్కో" అనేది. ఏడో తరగతి చదువు. తిన్నాక వేసుకుంటే చెరుపు చేసే గోలీలు తక్కువని ఆమెకు అనుభవం మీద తెలుసు. నేను బట్టలు ఉతుకుతాను తప్ప నాకేం తెలియదని ఎందుకు చెప్పలేదంటే, మనిషన్నాక ఆమాత్రం గౌరవం ఎవరికి చేదు. ముప్పై ఏళ్లకే భర్త పోయి, పిల్లలు లేక, తమ్ముడే లోకమనుకుని ఒంటిగా బతికిన ఆడమనిషిని ఊరు అంతవరకు ఏమీ అడిగిన పాపాన పోలేదు.

తమ్ముడి పేరు దానియేలు. ఆమెకన్న ఎనిమిదేళ్లు చిన్న. వాడికి రెండేళ్లప్పుడు తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. నాయిన పొలాల కాపలాకు పోతే పొయ్యి ముందు కూచుని జొన్నగట్కలో మజ్జిగ కలిపి తినిపించింది. ఇప్పుడు వాడికి నలభై ఆరు. జవహర్‌నగర్‌లో భార్య రోజీతో ఉంటూ చెత్తబండి తోలుతాడు. తెల్లారకముందే కాలనీలు తిరిగి, బండి నింపుకుని, నగరం చెత్తంతా చేరే గుట్టలాంటి డంపు మీద పోసి వస్తాడు. ఆ వాసన ఇంట్లో అన్నంలోకి, మంచంమీద దుప్పటిలోకి కూడా వచ్చి కూచుంటుంది. వాళ్లకు పట్టదు. చూడవచ్చినవాళ్లకు పడుతుంది. వాడికి ఆరేళ్లుగా షుగరు. కరోనా రోగం ముసురుకున్న ఆ రోజుల్లో ఊళ్లోవాళ్లు వాడిన మూతిగుడ్డలన్నీ వాడి బండిలోకే వచ్చి పడేవి. ఎలీషమ్మ భయమంతా అదే. ఆ ఇంట్లో ఇద్దరికీ సూది పడాలి, ముందు దానియేలుకు పడాలి. రెండువేల ఇరవై ఒకటి ఎండాకాలంలో ఆమె ప్రార్థనలో ఇంకే కోరికా లేదు.

సూది అంటే జనం జడుసుకోవడం కొత్త సంగతేమీ కాదు. యాభై దాటిన ఎవరి జబ్బ చూసినా రూపాయిబిళ్లల్లాంటి రెండు మచ్చలుంటాయి. పెద్దమ్మవారు పోసే కాలంలో టీకాలాయన సైకిలు దిగాడంటే తల్లులు పిల్లల్ని గాదెల్లో దాచేవారు. ఎలీషమ్మను తల్లి జొన్నచేలో దాచిందట. లోపల ఆమె తుమ్మింది, దొరికింది. ఆ రెండు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకా పాతకాలపు కాగితాలు తిరగేస్తే, చేతిమీద గుర్తు వేసి మనుషుల్ని ఓడలెక్కిస్తారని, మతంలో కలిపేస్తారని పుకార్లు కనిపిస్తాయి. మనుషులు అప్పుడూ వీళ్లే, పుకార్లూ ఇంచుమించు ఇవే. కాకపోతే అప్పటి పుకారు ఎడ్లబండి మీద పోయేది. వాగు అడ్డం వస్తే ఆగేది. సంతలో ఒక రాత్రి పడుకునేది. పది ఊళ్లు దాటేసరికి అలిసిపోయి సగం చచ్చేది. ఇప్పటి పుకారుకు అలుపు లేదు.

ఆ ఏప్రిల్‌లో కంపెనీ మనిషికి ఒకరోజు సెలవిచ్చి సూది వేయించుకోమంది. ఎలీషమ్మ వేయించుకుంది. ఆ సాయంత్రం చలి, ఒళ్లునొప్పులు, రెండు రోజులు జ్వరం. మూడోనాడు లేచి చారన్నం తిని డ్యూటీకి పోయింది. జరిగింది ఇంతే.

కాని ఆదివారం వచ్చింది. గుంపులు వద్దన్నారని పాస్టరు శామ్యూల్ అయ్యగారు ఆరాధనను ఫోన్‌లోకి మార్చారు. ప్రార్థన సహవాసం అని ఒక గ్రూపు, అందులో నూటపది మంది. సంఘంలో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంటుంది. వారమంతా తనకు జరిగిన కష్టం, దేవుడు తప్పించిన తీరు, నిలబడి అందరి ముందు చెప్పాలి. దానికొక పద్ధతి ఉంది. ముందు గోతిలో పడాలి, తరువాత లేవాలి. గొయ్యి ఎంత లోతైతే లేవనెత్తిన చెయ్యి అంత పెద్దది. కాబట్టి చెప్పేవాళ్లు గోతిని రెండు మూరలు ఎక్కువే తవ్వుతారు, వినేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ప్రార్థన గుడిలో అయితే ఇబ్బంది లేదు. చాపమీద కూచున్నవాళ్లు చివరిదాకా లేవరు, ఆమేన్ అనేవరకు వింటారు.

ఎలీషమ్మ సాక్ష్యం బాగా చెబుతుందని పేరు. ఫోను నోటిదగ్గర పెట్టుకుని, మైకు గుర్తు మీద బొటనవేలు అదిమి, మొదలుపెట్టింది. తాను మందుల కంపెనీలో పనిచేస్తానని, సూది వేయించుకున్నానని చెప్పింది. చెయ్యి మొద్దుబారి కట్టెలా అయ్యిందని, ఒళ్లంతా వణికిందని చెప్పింది. ఇక్కడ గొంతు వణికింది, ఏడుపు నిజంగానే వచ్చింది. "కండ్లు గూడ కనపడలేదు తల్లులారా. దీపం పెట్టుకున్నా చీకటే. నా చేతులార నేనే సావును ఒంట్లకు ఎక్కిచ్చుకున్ననని ఏడ్సిన" అంది. చెమటకు వేలు జారింది. మాట తెగిపోయి గ్రూపులోకి వెళ్లిపోయింది. అయ్యో అనుకుని మళ్లీ అదిమి మిగతాది చెప్పింది. ప్రభువును తలుచుకున్నానని, మూడోనాడు లేచానని, అది ఉత్త జ్వరమేనని, ఎవరూ భయపడవద్దని, అందరూ వేయించుకోవాలని, మరీ ముఖ్యంగా షుగరున్నవాళ్లు ఆలస్యం చేయవద్దని. ఇది రెండో ముక్క.

కింద నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఏ ముక్కకు పెట్టారో ఆమె చూసుకోలేదు.

గురువారం పొద్దున గౌడవెల్లి నుంచి మేడ్చల్‌కు షేర్ ఆటోలో పోతుంటే ఆమె గొంతు ఆమెకు వినపడింది. వెనకసీట్లో కూరగాయల గంపతో కూచున్న యాదయ్య అనే పెద్దాయన ఫోను చెవిదగ్గర కాక, అందరికీ వినబడేలా అరచేతిలో పట్టుకున్నాడు. కండ్లు గూడ కనపడలేదు తల్లులారా, అంటోంది ఫోను.

"ఇన్నవా గిది బాలేషూ" అన్నాడు యాదయ్య ఆటో నడిపే అతనితో. "మందుల కంపెనీల జేసే ఆమెనే జెప్తాంది."

"మా బామ్మర్ది నిన్ననే పంపిండు" అన్నాడు బాలేష్. "లోపల జేసేటోళ్లే గిట్లంటే ఇగ మన బతుకెంత. నేనైతే రాసిచ్చిన, నాకొద్దని."

"ఎవరికి రాసిచ్చినవ్?"

"మా ఇంటిదానికి. ఆశా వర్కరొస్తే సూపియ్యమన్న."

ఎలీషమ్మ అతని వైపు తిరిగింది. "గా గొంతు నాదే" అంది.

యాదయ్య తలతిప్పి చూశాడు. "నీదా? గామె సచ్చిపోయిందట గద. మొన్న మంగళారం."

"నేనేనయ్యా. బతికే ఉన్న, డ్యూటీకి పోతున్న. గది సగమే, ఇంకో సగమున్నది, ఇను" అని ఆమె తన ఫోను వెతకబోయింది. మూతిగుడ్డ వెనక గొంతు బొంగురుగా ఉంది, జ్వరం తగ్గినా గొంతు ఇంకా కోలుకోలేదు.

యాదయ్య మళ్లీ ఒకసారి ఫోను వినిపించి, ఆమె వంక చూసి, తూకం వేసినట్టు తల ఊపాడు. "కలుస్తలేదమ్మా. గామెది మెత్తటి గొంతు. నీది గరుకు."

"శానమంది గట్లనే తిరుగుతాన్రు తాతా" అన్నాడు బాలేష్ అద్దంలోంచి. "నేనే గామె అంటే టీవీల ఏస్తరని."

ఆటోలో నలుగురూ నవ్వారు. ఎలీషమ్మ రెండో ముక్క పెట్టింది. ఇంజను మోతలో అది ఎవరికీ సరిగ్గా వినపడలేదు. మేడ్చల్ రాగానే యాదయ్య గంప దించుకుని, దిగేముందు ఆమె భుజం తట్టి, "నువ్వైతే ఏస్కోకు బిడ్డా" అని చెప్పి పోయాడు.

మరునాడు కంపెనీలో సూపర్‌వైజరు భానుప్రకాశ్ ఆమెను పిలిపించాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, కేకలు వేసే రకం కాదు. "ఎలీషమ్మగారూ, ఈ గొంతు మీదేనా?" అని అడిగి, ఆమె తల ఊపాక సొరుగు తెరిచాడు. అందులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "ఇది చదివి రికార్డు చెయ్యండి. పైవాళ్లు అడుగుతున్నారు. మీ మంచికే."

ఆమె చదివింది. నేను స్వచ్ఛందముగా, ఎవరి ఒత్తిడియు లేకుండా తెలియజేయునది ఏమనగా, అని మొదలయ్యే ఆ కాగితంలో తప్పేమీ లేదు, ప్రతి మాటా నిజమే. కాని గౌడవెల్లి నుంచి జవహర్‌నగర్ దాకా ఏ మనిషీ తన ఇష్టంతో మాట్లాడేటప్పుడు తెలియజేయునది ఏమనగా అనడు. ఆ రికార్డు బయటికి పోయిన గంటకు, పాపం ఆమెను కూచోబెట్టి చదివిస్తున్నారన్న మాట దాని వెనకే బయల్దేరింది.

ఆదివారం ఆమె తమ్ముడింటికి పోయింది. దానియేలు గడపలో కూచుని ఉల్లిగడ్డ కోస్తున్నాడు. రోజీ లోపల పొయ్యిదగ్గర.

"రా అక్కా" అన్నాడు. "నువ్వు సచ్చిపోయినవంట. మా బండ్ల గ్రూపుల ఒకడు సంతాపం గూడ పెట్టిండు. పూలదండ బొమ్మ మస్తుగుంది."

"నీ ఎకసెక్కాలు పక్కకు పెట్టు. రేపు పోయి ఇద్దరూ సూది ఏయించుకుందురు పాండ్రి."

"ఏ గొంతు ఇనాలె నేను? మొదటిదాంట్ల ఏడుస్తున్నవు. రెండోదాంట్ల బడిపిలగానోలె సదువుతున్నవు. నువ్వెట్ల ఏడుస్తవో నాకెరుక లేదా అక్కా."

ఎలీషమ్మ ఫోను తీసి, ఆ ఆదివారం నాటి రెండో ముక్క వినిపించింది. దానియేలు ఉల్లిగడ్డ కింద పెట్టి చివరిదాకా విన్నాడు. రోజీ కూడా గరిటెతో వచ్చి తలుపుదగ్గర నిలబడింది. ఆనాటి రెండు ముక్కల కింద ఉన్న టైముకు రెండు నిమిషాలే తేడా అని ఎలీషమ్మ చూపించింది. వాడి ముఖంలో ఏదో సడలింది. నమ్మబోతున్నాడు అనిపించింది.

"సరే, జ్వరం తగ్గింది, లేసినవు" అన్నాడు. "మరి కండ్లు? దీపం పెట్టినా కనపడలేదంటివి. అది నిజమేనా?"

 ఎలీషమ్మకు కళ్లు బాగానే కనపడ్డాయి. ఆ రెండు రోజులూ మంచంమీద పడుకుని ఫోనులో పాటలు చూసింది. కాని అది దేవుడి ముందు, సంఘం ముందు కన్నీళ్లతో చెప్పిన మాట. తమ్ముడికి చిన్నప్పటినుంచి అబద్ధమాడితే నాలుక మీద వాత పెడతానని చెప్పి పెంచింది తానే. వాడు ఇప్పటికీ బండిలో దొరికిన ఉంగరం కూడా ఇల్లు వెతికి ఇచ్చివస్తాడు. ఆ కళ్లు తనవంక చూస్తున్నాయి.

"జరంత మసక మసక" అంది.

దానియేలు తలూపాడు. "షుగరోళ్లకు అసలే కండ్లకు దెబ్బ అంటరు. నీకే మసకొస్తే నాకు మొత్తానికే పోతయి. కండ్లు లేకుంటే బండెట్ల తోలాలె."

"గంతే గాదు వదినె" అంది రోజీ మెల్లగా. "గది కడవరి దినాలల్ల సైతాను ఏసే ముద్ర అని ఇంకో వీడియోల జెప్తున్రు. గందుకే కండ్లకు చీకటొచ్చిందంట."

ఎలీషమ్మ అన్నం తినకుండా తిరిగి వచ్చింది. ఆ వారమంతా రోజూ ఫోను చేసింది, రోజూ వేరే మాటలు చెప్పింది. ఆ ఒక్కమాట తప్ప. అదే వారంలో మేడ్చల్ రోడ్డు మీద అంబులెన్సుల కూత ఎక్కువైంది. గౌడవెల్లిలో రోగం వచ్చిందని రెండు ఇళ్లకు తడికలు కట్టారు. కంపెనీలో కిటికీలోంచి వచ్చే మూటలు రెట్టింపయ్యాయి. మిషన్లు ఆగకుండా తిరుగుతుంటే ఆమె మడతలు పెడుతూ, తన ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. తన గొంతు కరీంనగర్ దాకా పోయిందని ఎవరో చెప్పారు. దానికి ఇప్పుడు వెనక విషాదంగా వీణ కూడా చేర్చారట.

మళ్లీ ఆదివారానికి ఆమె తట్టుకోలేకపోయింది. తమ్ముడిని బండి పక్కకు పిలిచి, రోజీకి వినపడేలాగే, చెప్పేసింది.

"కండ్లు కనపడలేదన్నది అబద్ధం. కండ్లకేం గాలే. గట్ల జెప్తె సాక్ష్యం బాగుంటదని జెప్పిన."

 డంపు వైపునుంచి గాలి వీచింది.

"సాక్ష్యంల అబద్ధమాడినవా అక్కా" అన్నాడు దానియేలు. కోపం లేదు. ఏదో సామాను పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. "నేనాడితే వాత పెడ్తనంటివి."

"పెట్టు. ఇయ్యాల నా నాలిక మీద పెట్టు. కని సూది ఏయించుకో."

వాడు నవ్వాడు. అది మామూలు నవ్వు కాకపోయినా నవ్వే. "మంగళారం సెలవుంది. వస్త. నాకు బాగుంటే ఎనక రోజీని తోల్కపోదాం."

మంగళవారం సర్కారు దవాఖాన ముందు వరుస రోడ్డుదాకా ఉంది. దానియేలు ఎనిమిదింటికే వచ్చి నిలబడి, తన వంతు రాకముందే చొక్కా చెయ్యి భుజందాకా మడిచి పెట్టుకున్నాడు. "తయారుగున్న" అన్నాడు అక్కతో, పెండ్లికొడుకులా. భూములమ్మి, ప్లాట్లు చేసి, ఇప్పుడు రాజకీయాల్లోకి దిగిన శ్రీనివాస్ అనే ఆయన మనుషులు వరుసలో మజ్జిగ పాకెట్లు పంచుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. దానియేలు చేతిలో పాకెట్టు పెట్టి, ఇటు చూడన్నా అన్నారు. వాడు చూశాడు.

గంట తరువాత వాడు దగ్గాడు. ఒకసారే అనుకుంది ఎలీషమ్మ. మళ్లీ దగ్గాడు.

"దుమ్మక్కా. బండి దుమ్ము."

బల్లదగ్గర శ్రీదివ్య అనే నర్సు నుదుటికి మిషను చూపించి, అంకె చూసి, రెండోసారి చూపించింది. "ఎన్ని రోజులాయె జ్వరం?"

"జ్వరమేం లేదమ్మా. రాత్రి జరంత ఒళ్లు నొచ్చింది."

"ఇయ్యాల సూది ఇయ్యనన్నా. గా పక్క టెస్టు జేస్తున్రు, గక్కడికి పో. తగ్గినంక రా" అంది ఆమె. గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. వెనకాలవాడు ముందుకు జరిగాడు.

దానియేలు మడిచిన చెయ్యి విప్పుకోకుండానే అటు నడిచాడు.

పదకొండు రోజులు పట్టింది. మొదటి నాలుగు రోజులు ఇంట్లో, తరువాత మంచం దొరికిన ఒక పెద్ద దవాఖానలో. రోజీని లోపలికి రానివ్వలేదు, ఎలీషమ్మను గేటుదగ్గరే ఆపారు. ఆరోనాడు వాడు ఫోను చేసి, "అక్కా, గాలి సాల్తలేదు" అన్నాడు. ఆ తరువాత ఫోను మోగితే ఎవరూ ఎత్తలేదు, మరునాటి నుంచి మోగడమే మానేసింది. పదకొండోనాడు జిప్పు పెట్టిన సంచిని సమాధుల తోటకు తెచ్చారు. తెల్లతొడుగులేసుకున్న నలుగురు దించారు. ఆ తొడుగుల్లో ముఖాలు కనపడలేదు. అయ్యగారు దూరంగా నిలబడి చిన్న ప్రార్థన చేశారు. ఫోను గాని, బట్టలు గాని తిరిగి రాలేదు.

మూడోనాటికి ఫోటో వచ్చింది. భుజందాకా మడిచిన చెయ్యి, చేతిలో మజ్జిగ పాకెట్టు, పెండ్లికొడుకు నవ్వు. శ్రీనివాస్ మనుషులు తమ సేవ చూపించుకోవడానికి పెట్టుకున్న బొమ్మ అది. ఇప్పుడు దానికింద ఎవరో రాశారు, సూది వేయించుకున్న పదకొండు రోజులకే, కంపెనీలో పనిచేసే ఆమె సొంత తమ్ముడు, ఆమె ముందే చెప్పింది, వినండి అని. నొక్కితే ఎలీషమ్మ ఏడుస్తుంది. కండ్లు గూడ కనపడలేదు తల్లులారా.

ఆమె సూదులిచ్చే సర్కారు దవాఖానకు పోయి శ్రీదివ్యను పట్టుకుంది. "మా తమ్మునికి సూది ఇయ్యలేదని ఒక కాగితం రాసియ్యి బిడ్డా."

ఆ పిల్ల రిజిస్టరు ముందుకూ వెనక్కూ తిప్పింది. "ఇచ్చినోళ్ల పేర్లే ఉంటయి పెద్దమ్మా. ఇయ్యనోళ్లకు కాగితమెక్కడిది. నాకు యాదికుంది, జ్వరముండె ఆయనకు. కని నేనెట్ల రాసియ్యాలె. సార్ ఒప్పుకోడు."

"నోటితోనన్న జెప్పు. ఫోన్ల మాట్లాడు."

శ్రీదివ్య ఆమె చేతిలోని ఫోను వంక చూసి వెనక్కి జరిగింది. "వద్దు పెద్దమ్మా. నా గొంతు గూడ అండ్ల పడితే ఏమైతదో."

మందు లేక ఆగిపోయిన వరుసలు జూన్ నెలలో మళ్లీ మొదలయ్యాయి. ఎలీషమ్మ జవహర్‌నగర్ పోయింది. రోజీ గ్రిల్లు తలుపు తీయకుండా లోపలే నిలబడింది. మనిషి సగమైంది. అన్నం వండినట్టు వాసన కూడా లేదు.

"రేపు తొమ్మిదింటికి వస్త రోజీ. నువ్వు నేను పోదాం. వాడుంటే నిన్ను తోల్కపోయేటోడే."

రోజీ గ్రిల్లుకు దగ్గరగా వచ్చింది. "వదినె, ఒక్కటి అడుగుత, నిజం జెప్తవా. ఆయనకు సూది ఇచ్చిన్రా?"

"ఇయ్యలే. నా కండ్ల ముందటనే వద్దన్నరు. జ్వరముండె."

"నువ్వొక్కదానివే ఉంటివి గద అక్కడ."

"నేనే ఉంటి."

"ఇస్తే ఫోనుకు మెసేజ్ వస్తదంట. ఆయన ఫోను రాకపాయె. చెయ్యి సూద్దమంటే సంచిల పెట్టి ఇచ్చిరి." రోజీ గొంతు పెంచలేదు. "ఇయ్యలేదని నువ్వు జెప్తున్నవు. కండ్లు కనపడలేదనీ నువ్వే జెప్పినవు. కండ్లకేం గాలేదనీ నువ్వే జెప్పినవు. దేవుని ముంగటనే ఒకటి జెప్పి ఎనక ఇంకోటన్నవు. ఇగ నేను దేన్ని పట్టుకోవాలె వదినె?"

ఎలీషమ్మ గ్రిల్లు పట్టుకుని నిలబడింది. ప్రమాణం చేద్దామనుకుంది, ఎవరిమీద చెయ్యాలో తోచలేదు. వాడు ఉన్నప్పుడు వాడిమీద చేసేది.

"రేపు తొమ్మిదింటికి వస్త" అని మళ్లీ అంది.

"సరే" అంది రోజీ.

మరునాడు ఎనిమిదిన్నరకే పోయింది. గ్రిల్లుకు తాళం వేసి ఉంది. పక్కింటామె చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి, ఎలీషమ్మను చూసి ఊడ్చడం ఆపింది.

"తెల్లారకముందే పోయిందమ్మా, సంచి తీసుకొని. ఎక్కడికి పోతున్నవంటే జెప్పలే."

"ఎప్పుడొస్తనన్నది?"

"నువ్వొస్తే ఏం జెప్పొద్దన్నది" అంది ఆమె. ఇంకేదో అనబోయి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.